రివర్స్ గేరు లేని ర్యాలీ కారు

ఎందుకు రాస్తున్నాను

బెంగుళూరు పక్క మా వర్తూరు గ్రంథాలయంలో మోటారు బండ్ల పుస్తకాలకు ఒకటే బీరువా. అందులో ఉన్నవన్నీ చదివాను. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి కాబట్టి ఇంగ్లీషు పుస్తకాలకు నిఘంటువు తోడు పెట్టుకున్నాను. కన్నడ పుస్తకాలకు అదీ అక్కర్లేకపోయింది. పిస్టన్ ఎందుకు అరుగుతుందో, స్ప్రింగు ఎందుకు జావగారిపోతుందో, మలుపులో కారు బరువు ఏ చక్రం మీదికి జరుగుతుందో అన్నీ వాటిలో ఉన్నాయి. కానీ ఒకాయన బురదలో తోలి, గట్లకు కొట్టి, రంగేసి అమ్ముతున్న ర్యాలీ కారును ఇంకొకరు కళ్ళింతలు చేసుకుని కొనడానికి వస్తే, వాళ్ళిద్దరి మధ్య నిలబడ్డ మెకానిక్కు ఏం చెయ్యాలో ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఈ సంగతి గ్రంథాలయం చూసుకునే నంజుండయ్యగారితో అన్నాను. ఆయన కళ్ళద్దాల మీద నుంచి చూసి, "అట్లయితే నువ్వే రాయి మునెప్పా. బీరువాలో జాగా ఉండాది. నువ్వు తీసుకపోయి తిరిగియ్యని పుస్తకం జాగా" అన్నారు.

ఆ పుస్తకం మర్నాడే తిరిగిచ్చాను. రాయడం ఆ రోజే మొదలుపెట్టాను.

ఇది ముఖ్యంగా వైట్‌ఫీల్డ్ వైపు కొత్తగా ర్యాలీ కార్ల గ్యారేజీలు తెరుస్తున్న పిల్లల కోసం. వాళ్ళ గ్యారేజీల్లో కాఫీ మిషన్లున్నాయి, గోడలకు మంచి బొమ్మలున్నాయి. కారు కంప్యూటరు గురించి వాళ్ళకు తెలిసినంత నాకు తెలియదు. నాకు తెలిసింది పాత కార్ల గురించి, వాటిని కొనేవాళ్ళ గురించి. నన్నడిగితే రెండోదే కష్టం.

మా మేస్త్రి చెప్పింది, చేసింది

నేను పని నేర్చుకున్నది విల్సన్ గార్డెన్‌లో, ఆంథోనీ మేస్త్రి దగ్గర. ఆయన షెడ్డుకు బోర్డు లేదు, తలుపు కూడా సరిగ్గా పడేది కాదు. అయినా వానాకాలం ర్యాలీలకు పోయే కాఫీ తోటల ఆసాములందరూ అక్కడికే వచ్చేవాళ్ళు.

పాత కారు చూడ్డానికి పోయినప్పుడు ఏం చెయ్యాలో ఆయన నాకు ఒకే ముక్కలో చెప్పాడు. "రేయ్, ఇంజను గురించి అడగద్దు. దాని గురించి ఏం చెప్పాలో వాడు ముందే బట్టీ పట్టుంటాడు. కారును ఉన్న చోట్నించి కదిలియ్యమను. ఎట్ల కదిలిస్తాడో చూడు. అక్కడ ఎవుడూ నటించలేడు."

నా వృత్తి జీవితంలో ఇంతకంటే పనికొచ్చిన మాట ఇంకొకటి వినలేదు. పుస్తకాల్లో కూడా చదవలేదు.

మేస్త్రి తప్పులు కూడా చేశాడు. ఒక కాఫీ తోట ఆసామి తన కారుకు రాయిలాంటి స్ప్రింగులు కావాలన్నాడు. అవి మట్టి రోడ్డుకు పనికిరావని మేస్త్రికి తెలుసు. కానీ ఆయనకు కస్టమరు మాట కాదనడం చేతకాదు. బిగించి ఇచ్చాడు. ర్యాలీ అయ్యాక ఆసామి చెంప పట్టుకుని వచ్చాడు. ఆయన బంగారు తొడుగు పన్ను ఊడి కారులో ఎక్కడో పడిపోయింది. మేము సీట్లు విప్పి వెతికాం. పన్ను దొరికింది. కస్టమరు మాత్రం మళ్ళీ దొరకలేదు.

చాలా రోజుల తరవాత గ్రంథాలయంలో ఒక పుస్తకంలో దీని సంగతి చదివాను. స్ప్రింగు పని కారును గట్టిగా నిలబెట్టడమే కాదట. గుంట వచ్చినప్పుడు చక్రం అందులోకి దిగి, నేలను వదలకుండా ఉండేలా చూడడం కూడా దాని పనేనట. సంతోషంగా పోయి మేస్త్రికి చెప్పాను. "ఆ పుస్తకం రాసినోడికి పళ్ళన్నీ ఉండాయా?" అన్నాడు ఆయన.

హోసకోట షెడ్డు

ఇక నా చివరి పెద్ద పని సంగతి. గ్యారేజీ మూసేద్దామని అనుకుంటున్న రోజుల్లో శిరీష అనే అమ్మాయి వచ్చింది. నెల్లూరు పిల్ల, కుందలహళ్ళిలో కాపురం, అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అంతకుముందు రెండు ర్యాలీలకు భర్త కిరణ్ కారులో పోయింది. రెండూ పూర్తి చెయ్యలేదు. మొదటిసారి దారి చెప్పడానికి కూర్చున్న ఆఫీసు స్నేహితురాలికి వాంతులయ్యాయి. రెండోసారి కారు అడుగున ఆయిలు తొట్టి రాయికి తగిలి పగిలింది. అది అతికించింది నేనే.

"మునెప్ప గారూ, నాకు నిజమైన ర్యాలీ కారు కావాలి. సెకండ్ హ్యాండ్‌ది. ఒక్క ర్యాలీ ఫినిష్ చెయ్యాలి. అంతే" అంది.

పక్కనున్న కిరణ్ షరతు చెప్పాడు. అతనిది హిందూపురం. "ఇదే లాస్టన్నా. ఈమె కారు కోసం బేస్‌మెంట్‌లో నా పార్కింగ్ వదులుకుంటున్నా. నా కారు ఇంక ఎండలో. ఈసారి ఫినిష్ చెయ్యకపోతే కారు అమ్మేయాల. నా జాగా నాకు రావల్ల. రాసిమ్మంటే రాసివ్వనంటోంది, అందుకే మీ ముందు చెప్తున్నా."

"ఒప్పుకున్నా కదా, మళ్ళీ మళ్ళీ ఎందుకు?" అంది శిరీష. అతనివైపు చూడకుండా నా బల్ల మీది స్పానర్లు వరసగా సర్దింది. అప్పుడు నాకు అర్థమైంది, ఇది సరదా వ్యవహారం కాదని.

హోసకోట దాటాక ఒక తోటలో వినోద్ అనే కుర్రాడి షెడ్డుంది. చిన్న కారు, ఎర్ర సీట్లు, లోపల ఇనప గొట్టాల పంజరం, ఒంటి నిండా స్టిక్కర్లు. నేను చెప్పులు విప్పి కింద దూరేలోపే శిరీష డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకుంది. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి: కొనేవాళ్ళను సీట్లో కూర్చోనిచ్చారంటే మీ సలహాకు ఇక విలువ లేదు. ముందు మీరు చూడండి, తరవాత వాళ్ళను కూర్చోబెట్టండి.

వినోద్ ఇంజను స్టార్టు చేశాడు. రేకుల షెడ్డంతా అదిరింది. "వినండి మునెప్ప గారూ, ఆ సౌండ్ వినండి!" అంది శిరీష.

నేను విననట్టే ఉండి, "బయటికి తియ్యప్పా, ఎలుతుర్లో చూస్తాం" అన్నాను. కారు ముక్కు గోడవైపుంది. వెనక్కి తియ్యాలి. వినోద్ ఇంజను ఆపేసి, తోటమాలిని కేకేసి, ఇద్దరూ బానెట్ మీద చేతులేసి తోయడం మొదలుపెట్టారు.

"ఏమప్పా, ఇప్పుడే స్టార్టయింది గదా, తోస్తా ఉండావే?"

"తేలిక బండన్నా. పెట్రోలు దండగెందుకని."

"రివర్స్ వేసి చూపించు."

వినోద్ తల గోక్కున్నాడు. శిరీషవైపు తిరిగి, "రివర్సా? ర్యాలీలో ఎనక్కెందుకు పోతారు మేడం? అంతా ముందుకే గదా" అన్నాడు.

"కరెక్టే కదా!" అంది శిరీష.

కారు వెలుతుర్లోకి వచ్చాక దారం పట్టుకుని మూల నుంచి ఎదురు మూలకు కొలిచాను. రెండు కొలతలూ సమానంగా వచ్చాయి. ముందు స్ప్రింగులు కూర్చునే చోట పగుళ్ళు లేవు, పగుళ్ళను దాచిన కొత్త వెల్డింగూ లేదు. అంటే ఎముకలు బాగున్నాయి. నా నియమం ఒకటే: ఎముక వంగిన కారును కొనను, పళ్ళు ఊడిన కారును కొంటాను. గేరుబాక్సు విప్పి బాగుచెయ్యొచ్చు. వంగిన బాడీని సరిచెయ్యడానికి ఎవరూ పుట్టలేదు, సరిచేశామని చెప్పేవాళ్ళు మాత్రం వీధికొకరున్నారు.

"కొనొచ్చు" అన్నాను. అప్పటికే శిరీష తాళం చెవి బ్యాగులో వేసుకుంది.

లేని చక్రం కోసం

గేరుబాక్సు విప్పితే, రివర్స్‌కు మధ్యలో తిరగాల్సిన చిన్న పళ్ళ చక్రం అసలు లేదు. పళ్ళు విరిగి ఉంటాయి, ముక్కలు మిగతా గేర్లను తినేస్తాయని భయపడి ఎవరో పీకి పారేసి మూత బిగించేశారు. ముందుకు పోవడానికి ఏ అడ్డూ లేదు. కారు సుబ్బరంగా పరిగెత్తింది.

"అదొక్కటీ వదిలేద్దాం మునెప్ప గారూ. బరువు తగ్గుతుంది కదా" అంది శిరీష.

ర్యాలీ నడిపే క్లబ్బువాళ్ళు పంపిన నియమాల పుస్తకం ఆమె తెరిచి చూడలేదు. నేను అట్ట నుంచి అట్టదాకా చదివాను. పోటీకి వచ్చే కారుకు పనిచేసే రివర్స్ గేరు ఉండాలని అందులో ఉంది. ఆ పేజీ చూపించాను. "ఎవరూ చెక్ చెయ్యరండీ" అంది.

అప్పుడు గొడుగు మడుస్తూ ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. కిరణ్ తల్లి వరలక్ష్మమ్మగారు. హిందూపురంలో లెక్కల టీచరుగా రిటైరయింది. దారి చెప్పే స్నేహితురాలు మళ్ళీ రానని చేతులెత్తేస్తే, కోడలి పక్కన కూర్చోవడానికి ఈవిడ ఒప్పుకుంది.

"ఏమప్పా మునెప్పా, కారు ఎనక్కి పోదంట?"

"పోదమ్మా. పోవాలని రూల్సులో ఉండాది."

"ఉంటే పోవల్ల. దానికి ఇంత మాటలేమిటికి?" అని కోడలివైపు తిరిగింది. "నువ్వు చెక్ చెయ్యరంటావు. మా బళ్ళో పిల్లోళ్ళు ఈ మాటే అనేటోళ్ళు. నేను చేసేదాన్ని."

ఆ చక్రం కోసం శివాజీనగర్‌లో పాత కార్లు విప్పి సామాను అమ్మే గుజరి అంగళ్ళన్నీ తిరిగాను. అదే మోడలు కార్లు బోలెడు దొరికాయి. ఏ గేరుబాక్సు విప్పినా తక్కిన గేర్లు బాగానే ఉన్నాయి, రివర్స్ చక్రం పళ్ళు మాత్రం మొండిగా ఉన్నాయి. మన నగరంలో కారు పూర్తిగా ఆగేదాకా ఎవరూ ఓపిక పట్టరు. ముందుకు దొర్లుతుండగానే వెనక్కి గేరు వేస్తారు. బెంగుళూరు గురించి ఏ పరిశోధన పుస్తకంలోనూ చదవని సంగతి గుజరి అంగట్లో తెలిసింది.

చివరికి ఒక అంగట్లో కొత్తదానిలా మెరిసే చక్రం దొరికింది. "ఇదెట్ల బాగుండాది?" అని అడిగాను. అంగడాయన నవ్వాడు. "ఒక ముసలాయన కారుదన్నా ఇది. ఆయనకి రివర్స్ అంటే భయమంట. బతికినన్నాళ్ళూ వెయ్యలే."

భయం వల్ల ఒక్కోసారి లోకానికి మేలు జరుగుతుంది.

వర్తూరు రోడ్డే మా మైదానం

రివర్స్ బాగయ్యాక కారును కుందలహళ్ళిలో వాళ్ళ అపార్టుమెంటుకు చేర్చడానికి నేనూ తోడు పోయాను. వాళ్ళ బేస్‌మెంట్ జాగా రెండు స్తంభాల మధ్య ఉంది. ఆ స్తంభాల మీద రాసుకుపోయిన కార్ల రంగుల గీతలన్నీ ఉన్నాయి. శిరీష అద్దాలవైపు ఒక్క చూపు చూసి, ఒకే ఊపులో వెనక్కి తిప్పి, రెండు పక్కలా నాలుగు వేళ్ళ ఎడంతో నిలబెట్టేసింది. నేను నోరు తెరిచాను.

"రోజూ చేసేదే కదండీ" అంది.

ముందుకు తోలడంలో మాత్రం ఆమెకు ఒక జబ్బుంది. నేల కొంచెం ఉబ్బినట్టు కనిపిస్తే చాలు, బ్రేకు మీద కాలు పడుతుంది. ప్రతి గల్లీలో హంపులున్న ఊళ్ళో డ్రైవింగు నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ జబ్బుంటుంది. వాళ్ళను తిట్టి లాభం లేదు. మెత్తని స్ప్రింగులు వేసి, కారు గుంటలను తట్టుకుంటుందని వాళ్ళ ఒంటికే తెలిసేలా తిప్పాలి.

ఆమెకు మాత్రం కారు కిందికి దించి, రాయిలా బిగించాలని కోరిక. కాఫీ తోట ఆసామి పన్ను కథ చెప్పాను. నమ్మలేదు. సరే అని ఒక రోజుకు గట్టి స్ప్రింగులు వేసి, అత్తాకోడళ్ళను వర్తూరు రోడ్డు మీదికి పంపాను. ఇన్ని గుంతలతో మా రోడ్డు ఉండగా వేరే మైదానం ఎందుకు? చెరువు దాకా పోయి తిరిగొచ్చారు.

వరలక్ష్మమ్మగారు దిగి, దవడ రుద్దుకుంటూ, "మునెప్పా, నా పళ్ళు నావే. కట్టించుకునిండేవి కావు. అట్లే ఉండనీ" అంది.

మెత్తనివి వేసేశాను. ఈ వాదనలో శిరీష మళ్ళీ నోరెత్తలేదు.

తరవాతి గొడవ వేగం గురించి. ఇలాంటి అమెచ్యూర్ ర్యాలీలో అందరికంటే ముందు చేరితే గెలవరు. ఏ దారిలో ఎంత వేగంతో పోవాలో కాగితం మీద ఇస్తారు. ఎక్కడో చెట్టు చాటున గడియారం పెట్టుకుని కూర్చుంటారు. ఆలస్యంగా పోతే మార్కులు పోతాయి. ముందుగా పోతే ఇంకా ఎక్కువ పోతాయి. కాబట్టి ఇంజనుకంటే దూరం కొలిచే మీటరు ముఖ్యం. దాన్ని సరిచెయ్యడానికి నేను ఒక పూటంతా చక్రం పక్కన కూర్చున్నాను.

"నేను ర్యాలీ కారు కొన్నానా, పెళ్ళి ఊరేగింపు కారు కొన్నానా అత్తయ్యా?" అంది శిరీష.

"ఊరేగింపు అంత సులభమా? నీ పెళ్ళిలో బ్యాండోళ్ళు ముందు పోయిరి, గుర్రం ఎనకాల నిలిచిపాయె" అంది వరలక్ష్మమ్మగారు.

మీటరు సరిచూస్తుండగా ఆవిడే ఒక సంగతి పట్టుకుంది. మా షెడ్డు ముందు కారు వెనక్కి వస్తున్నా మీటరు అంకె పెరుగుతూనే ఉంది. "ఎనక్కి పోయినా ముందుకు పోయినట్టే రాస్తాది ఇది. మా హెడ్మాస్టరు మాదిరి" అంది. చక్రం తిరిగిందా లేదా అన్నదే ఆ మీటరుకు తెలుస్తుంది, ఎటు తిరిగిందో తెలియదు. ర్యాలీలో వెనక్కి పోయే పని ఉండదని అప్పుడు ముగ్గురం దాన్ని వదిలేశాం.

ర్యాలీ రోజు

పోటీ కోలారు జిల్లాలో, మామిడి తోటల మధ్య మట్టి దారుల్లో. బయల్దేరే ముందు ప్రతి కారునూ పరీక్ష చేస్తారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని కారు పక్కన నిలబడ్డాను. రివర్స్ గురించి అడుగుతాడని ఎదురుచూశాను. పరీక్ష చేసే ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, "హార్నుందా?" అన్నాడు.

శిరీష హార్ను కొట్టింది.

"సార్, రివర్స్ కూడా చూస్తారా?" అన్నాను.

"వద్దొద్దు. ఎనకాల లైనుంది. పక్కకి తీయండి."

పక్కకి తియ్యాలంటే ముందున్న జీపు అడ్డం. వెనక్కే తియ్యాలి. శిరీష తీసింది. నా చక్రం నిశ్శబ్దంగా తిరిగింది. ఆయన అప్పటికే పక్క కారు హార్ను వింటున్నాడు.

కార్లు పోయాయి. నేనూ కిరణూ శ్రీనివాసపురం పక్కన ముగింపు గుర్తు పెట్టిన తోటలో కూర్చున్నాం. మధ్యాహ్నం దాటింది. ఒక్కో కారూ దుమ్ము కొట్టుకుని వస్తోంది. మాది లేదు. క్లబ్బువాళ్ళు ఇచ్చిన గడువు దగ్గర పడుతోంది. ఆ లోపల రాకపోతే పూర్తి చేసినట్టు లెక్క కాదు.

కిరణ్ ఫోను తీసి ఏదో రాస్తున్నాడు. తొంగి చూశాను. కారు అమ్మకానికి ప్రకటన. ఫొటో కూడా పెట్టేశాడు.

"ఇప్పుడే ఎందుకప్పా?"

"రెడీగా పెట్టుకుంటున్నానన్నా. పోస్ట్ చెయ్యలే." తెర మీది దుమ్ము తుడుస్తూ, "అది ఏడిస్తే నేను చూడలేను. ముందే చేసేస్తే అయిపోతాది" అన్నాడు.

ఆ ప్రకటన చదివాను. అతని ఇంగ్లీషు బాగానే ఉంది కానీ ఒక లోపం కనిపించింది. "రివర్స్ పనిచేస్తాదని కూడా రాయి" అన్నాను. రాశాడు.

ముగింపు బల్ల దగ్గరి క్లబ్బువాళ్ళు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చసాగారు. అప్పుడు తోట మలుపులో మా కారు కనిపించింది. ముందు అద్దం నిండా దుమ్ము, వెనక అద్దం నిండా అంతకంటే దుమ్ము. గడియారం పట్టుకున్న ఆయన కూర్చోబోతున్న కుర్చీని అప్పటికే ఎవరో లాగేశారు. ఆయన నిలబడే సమయం రాసుకున్నాడు. గడువులోపలే!

శిరీష దిగలేదు. స్టీరింగు మీద తలపెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. వరలక్ష్మమ్మగారు హెల్మెట్ తీసి, ముందు నీళ్ళు తాగి, తరవాత ఇలా మొదలుపెట్టింది.

"నీళ్ళ ట్యాంకు దాటినాంక ఎడమకని చెప్తి. ఏ ట్యాంకని ఈ పిల్ల అడగలే."

"రెండు ట్యాంకులున్నాయని మీరు చెప్పలేదు అత్తయ్యా!"

"కాగితంలో ఒకటే ఉండె. ఊర్లో రెండుండాయి. దానికి నేనేం చేయల్ల? మొదటిదాని దగ్గరే తిప్పేసె. ఒకటే బండి పట్టే దారి. రెండు పక్కలా కాలవ. సగం పోయినాంక ఎదురుగా టమోటా టెంపో!"

టెంపో నిండా పెట్టెలు. డ్రైవరు దిగి వచ్చి, "అమ్మా, నాది లోడు. ఎనక్కి పోతే కాయంతా కాలవలో పడ్తాది. మీరే పోవల్ల" అన్నాడట. తిప్పుకోవడానికి చోటు లేదు. శిరీష అద్దాలవైపు ఒక్క చూపు చూసి గేరు వేసింది. డ్రైవరు తువ్వాలు ఊపుతూ వెనక నడుస్తూ "రానీ, రానీ" అంటే, మలుపుతో సహా ఆ దారంతా వెనక్కే తోలుకొచ్చింది.

"ఒక్క తూరి బ్రేకెయ్యలే మునెప్పా! ముందుకి పోయేటప్పుడు ప్రతి గులకరాయికీ ఏసిండె" అంది వరలక్ష్మమ్మగారు.

"మా బేస్‌మెంట్ కంటే వెడల్పుగా ఉంది" అంది శిరీష.

రోడ్డు మీదికి వచ్చాక మీటరు అంకెంతా తప్పు. వరలక్ష్మమ్మగారు అప్పుడు లెక్క చేసింది. "తప్పుదార్లో పోయిందీ తీసెయ్యాల, ఎనక్కొచ్చిందీ తీసెయ్యాల. రెండూ కలిపే చూపిస్తా ఉండాది గదా." ఆ తీసివేత చేశాక దారీ వేగమూ మళ్ళీ కుదిరాయి. మా షెడ్డు ముందు మేం వదిలేసిన సంగతిని ఆవిడ వదల్లేదు.

ఫలితాల్లో మా కారు ఆఖరి నుంచి రెండోది. మా వెనకున్న జీపువాళ్ళు ఎక్కడా ఆలస్యం చెయ్యలేదు. అన్ని చోట్లా ముందే చేరారు, పాపం.

కిరణ్ ఫోను తీసి ప్రకటన చెరిపేశాడు. "అన్నా, ఇంక నా కారు ఎండకేనా?" అన్నాడు.

"మంచి గుడ్డ కవరు కుట్టిచ్చుకో" అన్నాను.

ఆ కారు ఇప్పటికీ ఆ రెండు స్తంభాల మధ్యే ఉంటోంది. శిరీష ఇంకా పోటీలకు పోతోంది. నా గ్యారేజీ మూసేశాను. పని నేర్చుకునే పిల్లలకు చెప్పేది ఒకటే: కారు వెనక్కి పోవడం మీ కళ్ళతో చూడకుండా ముందుకు పంపకండి. ఎవరూ అడగరు. అయినా చూడండి.

కృతజ్ఞతలు

బీరువాలో జాగా ఇస్తానన్న నంజుండయ్యగారికి. తన మాటలన్నీ నేను రాసేస్తానని తెలియక నాకు పని నేర్పిన ఆంథోనీ మేస్త్రికి. ర్యాలీలో వెనక్కెందుకని అడిగిన వినోద్‌కు. అతను అడగకపోతే నేను జవాబు వెతికేవాణ్ణి కాదు. రివర్స్ అంటే భయపడిన ఆ పేరు తెలియని ముసలాయనకు. తన జాగా వదులుకున్న కిరణ్‌కు. ఈ రాతంతా చదివి ఇరవై చోట్ల ఎర్రసిరాతో దిద్దిన వరలక్ష్మమ్మగారికి. నా చివరి పనికి పరువు దక్కించిన శిరీషకు.

ఇంకొకరు మిగిలారు. ఆయన పేరు రాయకుండా ముగించడం ఇష్టం లేక శ్రీనివాసపురం మార్కెట్టుకు పోయి టమోటా టెంపోలవాళ్ళందరినీ అడిగాను. పేరు అమ్జద్. కృతజ్ఞతలు చెప్తే సిగ్గుపడ్డాడు. టీ తాగుతూ నన్నే ఒక సంగతి అడిగాడు.

"ఆ మేడం ఎనక్కి అంత బాగా తోల్తాది గదన్నా. ముందుకి కూడా తోల్తాదా?"

నేర్చుకుంటా ఉండాదని చెప్పాను.